కుడివైపు నుంచి మొదలయ్యే హక్కు

ఉర్దూ రెండో అధికార భాష అని మన రెండు తెలుగు రాష్ట్రాల చట్టాలూ చెబుతున్నాయి. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికార భాషల చట్టం తెలుగును అధికార భాషగా ప్రకటించింది. ఆ తరువాత దశాబ్దాల పాటు ఉర్దూ స్థానం కొన్ని జిల్లాలకే పరిమితమై ఉండేది. తెలంగాణ శాసనసభ 2017 నవంబరులో ఆ హోదాను రాష్ట్రమంతటికీ విస్తరింపజేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022 మార్చిలో అదే పని చేసింది. ఆ రెండు సందర్భాల్లోనూ మన సముదాయం సంతోషించింది. అందుకోసం ఏళ్ల తరబడి వినతిపత్రాలు పట్టుకుని తిరిగిన పెద్దలను ఈ సందర్భంగా స్మరించుకోవడం మన విధి.

అయితే చట్టం ఇచ్చిన హోదా పౌరుని చేతికి అందిందో లేదో తెలుసుకోవాలంటే, పౌరుడు ప్రభుత్వాన్ని కలుసుకునే చోటికి వెళ్లి చూడాలి. ఒకప్పుడు ఆ చోటు కార్యాలయపు కౌంటరు. ఇప్పుడది చాలావరకు కంప్యూటరు తెర, చేతిలోని ఫోను. ఆదాయ ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం, విద్యార్థి వేతనపు దరఖాస్తు, ఓటరు జాబితాలో పేరు, పింఛను వివరాలు, వక్ఫ్ ఆస్తుల నమోదు, అన్నీ వెబ్‌సైట్ల మీదికి చేరాయి. కనుక ఉర్దూ హోదాను కూడా అక్కడే కొలవాలి.

ఉర్దూలో పేజీ ఉన్నదా లేదా అన్న ప్రశ్న పాతది. దానిపై ఎన్నో వినతులు వెళ్లాయి. ఉన్న పేజీలో ఉర్దూ తన దిశలో, తన వరుసలో, తప్పుదోవ పట్టించకుండా కనబడుతున్నదా అన్న ప్రశ్నను మాత్రం అడిగినవారు తక్కువ. ఇది ఇంజనీర్లు చూసుకోవలసిన చిన్న సంగతి అని కొందరికి తోచవచ్చు. ఒక కుటుంబపు చిరునామా, ఒక వితంతువు ఫోను నంబరు, ఒక దరఖాస్తు తేదీ ఈ చిన్న సంగతిపైనే ఆధారపడి ఉన్నాయని చూపడమే ఈ సంపాదకీయపు ఉద్దేశం.

ఒకే పంక్తిలో రెండు దిశలు

తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి సాగుతాయి. ఉర్దూ, అరబీ, ఫార్సీ కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. ఉర్దూ పంక్తిలో వచ్చే అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే సాగుతాయన్న సంగతి ఉర్దూ చదవనివారికి తెలియకపోవచ్చు. 1948 అన్న సంవత్సరాన్ని ఉర్దూలో రాసినా ఒకటి ఎడమ చివరనే ఉంటుంది, ఎనిమిది కుడి చివరనే ఉంటుంది. అంటే ఒక సంవత్సరమో, ఒక మొత్తమో ఉన్న ప్రతి ఉర్దూ వాక్యంలోనూ రెండు దిశలు కలిసి ఉంటాయి. దానికి ఒక ఇంగ్లీషు పథకం పేరో, ఒక తెలుగు మండలం పేరో తోడైతే చిక్కు ఇంకా పెరుగుతుంది.

పూర్వం కాతిబ్ చేతితో రాసేటప్పుడు ఇది సమస్య కాలేదు. అంకె ఎంత చోటు తీసుకుంటుందో కంటితోనే అంచనా వేసి, అంత జాగా విడిచి, అంకెను రాసి, మళ్లీ ఎడమవైపు సాగేవాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో అతని చేతికి తెలుసు. యంత్రానికి ఆ తెలివి మనం నేర్పాలి.

నేర్పే పద్ధతి ఎప్పుడో సిద్ధమైంది. ప్రపంచ భాషల లిపులన్నిటికీ ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్యను కేటాయించిన యూనికోడ్ ప్రమాణం మొదటి కూర్పు 1991లో వెలువడింది. రెండు దిశల లిపులు ఒకే పంక్తిలో కలిసినప్పుడు ఏ అక్షరం ఎక్కడ కనబడాలో నిర్ణయించే ద్విదిశా సూత్రాలు అందులో ఉన్నాయి. కంప్యూటరు అక్షరాలను మనం పలికే వరుసలోనే దాచుకుంటుంది. తెర మీద చూపేటప్పుడు మాత్రమే దిశను లెక్క కడుతుంది. ఆ లెక్కలో అక్షరాలు కొన్ని తరగతులుగా ఉంటాయి. ఉర్దూ అక్షరానికీ, తెలుగు అక్షరానికీ సొంత దిశ గట్టిగా ఉంటుంది. అంకెలకు దిశ ఉన్నా అది బలహీనం. ఖాళీలు, కుండలీకరణాలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు మొదలైన వాటికి సొంత దిశ అంటూ లేదు. ఇరుగుపొరుగు ఎటు నడిస్తే అవీ అటే నడుస్తాయి. ఇరువైపులా వేరువేరు దిశలు ఉంటే, ఆ పేజీ మొత్తానికి ప్రకటించిన దిశ ఏదో దాన్ని పట్టుకుంటాయి.

పేజీ దిశను ప్రకటించే బాధ్యత వెబ్‌సైటు తయారుచేసేవారిది. వారు ఆ ఒక్క మాట రాయకపోతే కంప్యూటరు ఆ పేజీని ఎడమ నుంచి కుడికి సాగేదిగానే భావిస్తుంది. అప్పుడు ఉర్దూ పేరాలు ఎడమ అంచుకు అతుక్కుంటాయి. వాక్యం చివర రావలసిన బిందువు వాక్యం మొదట్లో, కుడివైపున తేలుతుంది. కుండలీకరణం విడిపోయి ఒక సగం ఇటు, ఒక సగం అటు పడుతుంది. ఉర్దూ చదివేవాడు చిరాకుపడి, పక్కనే ఉన్న ఇంగ్లీషు మీట నొక్కుతాడు. ఉర్దూ పేజీకి ఆదరణ లేదని తరువాత ఎవరో నివేదిక రాస్తారు.

ఇంటి నంబరు ఎలా తిరగబడుతుంది

చూపు చెదిరించే తప్పులకన్నా, కంటికి సరిగానే కనబడే తప్పులు ఎక్కువ ప్రమాదకరం. మన హైదరాబాదు ఇంటి నంబర్లే ఇందుకు చక్కని ఉదాహరణ. పాత నగరంలో ఇంటి నంబరు మూడు భాగాలుగా ఉంటుంది. మొదటిది వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు. మధ్యలో హైఫన్లు. ఉదాహరణకు 17-3-9 అన్న నంబరు అనుకుందాం.

ఈ నంబరును ఖాళీ గడిలో ఒంటరిగా నింపితే ఎక్కడైనా 17-3-9 అనే కనబడుతుంది. తెలుగు వాక్యంలో పెట్టినా అంతే. కాని ఉర్దూ పదాల వెనువెంట అదే నంబరు వస్తే, ద్విదిశా సూత్రాల ప్రకారం, ఉర్దూ అక్షరం తరువాత వచ్చిన అంకెలు మరో తరగతిలోకి మారుతాయి. మారిన అంకెలను హైఫన్ కలిపి ఉంచలేదు. మూడు భాగాలూ విడిపోయి కుడి నుంచి ఎడమకు పేర్చబడతాయి. తెర మీద కనబడేది 9-3-17. ఇంటి మీది పలకపై 17-3-9 అని చూసిన కళ్లతో దీన్ని చదివే గుమాస్తాకు వార్డు తొమ్మిది, ఇల్లు పదిహేడు. రెండూ నగరంలో ఉండదగిన నంబర్లే. కనుక తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు.

చిత్రమేమిటంటే, హైఫన్ బదులు అడ్డగీటు ఉంటే ఈ తిరగబాటు జరగదు. 17-3-9/2 అన్న నంబరు ఉర్దూ పదం తరువాత వచ్చినప్పుడు 9/2-3-17 గా కనబడుతుంది. గీటుతో కలిసిన భాగం కదలలేదు, హైఫన్‌తో కలిసిన భాగాలు తారుమారయ్యాయి. తేదీల సంగతీ ఇంతే. 05/06/24 అని గీటుతో రాస్తే నిలుస్తుంది. 05-06-24 అని హైఫన్లతో రాస్తే 24-06-05 అవుతుంది. ఎస్‌టీడీ కోడుతో ఉన్న ఫోను నంబరులో కోడు చివరికి పోతుంది. దేశపు కోడుకు ముందుండే ప్లస్ గుర్తు అంకెలకు అవతలి పక్కన చేరుతుంది.

దాచుకున్న సమాచారం ఎక్కడా చెడలేదు. కంప్యూటరు లోపల వరుస సరిగానే ఉంది. కాని ఆ తెరను చూసి మరొక కాగితంపై చిరునామా ఎక్కించే మనిషి కంటికి కనబడినదే ఎక్కిస్తాడు. కార్యాలయాల్లో పనిచేసినవారికి దీని పర్యవసానం చెప్పనక్కరలేదు. నోటీసు ఒక ఇంటికి పోవలసింది మరొక ఇంటికి పోతుంది. విచారణకు వచ్చిన సిబ్బంది ‘ఈ చిరునామాలో ఎవరూ లేరు’ అని రాసి ఫైలు మూస్తారు. ఆ రాత మీద ఓటరు జాబితాలో పేరు పోవచ్చు, పింఛను ఆగవచ్చు. తన దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో ఆ మనిషికి ఎన్నటికీ తెలియదు.

ఈ తప్పు పరీక్షలో పట్టుబడకపోవడానికీ కారణం ఉంది. పరీక్షించేవారు గడిలో నంబరు ఒక్కటే కొట్టి చూస్తారు, బాగానే ఉంటుంది. మొహల్లా పేరుతో సహా పూర్తి ఉర్దూ చిరునామాను కొట్టి చూసేవారు ఉండరు. ఉర్దూ చదవలేని వ్యక్తి కొట్టినా తేడా కనిపెట్టలేడు.

తెలుగు పేజీలోకి ఉర్దూ పేరు వచ్చినప్పుడు ఇదే చిక్కు ఎదురు తిరిగి వస్తుంది. తెలుగు జాబితాలో ఒక ఉర్దూ పేరు, తరువాత ఒక హైఫన్, తరువాత వయస్సు రాశారనుకుందాం. ఉర్దూ అక్షరాలు ఆ హైఫన్‌నూ, అంకెనూ తమవైపు లాగుకుంటాయి. వయస్సు పేరుకు కుడివైపున ఉండవలసింది ఎడమవైపుకు, అంటే అంతకు ముందున్న వివరం పక్కకు పోతుంది. వరుస సంఖ్య పక్కన వయస్సు, వయస్సు స్థానంలో ఖాళీ. చదివేవారికి అర్థం కాదు.

మందు ఉన్నది, వాడకమే లేదు

వీటన్నిటికీ పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. పేజీకి భాష ఉర్దూ అనీ, దిశ కుడి నుంచి ఎడమకనీ ప్రకటించే సౌకర్యం వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్ భాషలో 1997 నాటి నాలుగవ కూర్పులోనే ఉంది. ఒక పేరునో, నంబరునో చుట్టుపక్కల వాక్యం ప్రభావం పడకుండా విడిగా కాపాడే అదృశ్య గుర్తులను యూనికోడ్ 2013లో చేర్చింది. అదే పని చేసే ప్రత్యేక ట్యాగు 2014లో ఖరారైన అయిదవ కూర్పు హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఉంది. ఆ ట్యాగు మధ్య మన 17-3-9 ను పెడితే, ముందు ఎన్ని ఉర్దూ పదాలున్నా ఆ నంబరు చెక్కుచెదరదు. పేజీ అమరికలో ‘ఎడమ అంచు’, ‘కుడి అంచు’ అని రాయకుండా ‘ఆరంభపు అంచు’, ‘ముగింపు అంచు’ అని రాసే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. అలా రాసిన పేజీని తెలుగుకు ఒకసారి, ఉర్దూకు ఒకసారి విడిగా కట్టనక్కరలేదు. భాష మారితే అమరిక తనంతట తానే తిరుగుతుంది.

తిరగవలసినవేవో, తిరగకూడనివేవో కూడా తెలిసి ఉండాలి. ఉర్దూ పేజీలో మెనూ కుడివైపు నుంచి మొదలుకావాలి. ‘తరువాతి పేజీ’ బాణం ఎడమవైపు చూపాలి. కాని గడియారం ముల్లు వెనక్కి తిరగదు. ఫోను మీటల పలక మారదు. ఈమెయిలు చిరునామా, పాస్‌వర్డు, బ్యాంకు ఖాతా నంబరు నింపే గడులు ఎడమ నుంచి కుడికే ఉండాలి. మొత్తం పేజీని అద్దంలో చూపినట్టు తిప్పేసి ఉర్దూ చేశామనుకోవడం కూడా పొరపాటే.

అరబ్ దేశాల బ్యాంకులు, విమాన సంస్థలు రోజూ ఇదే పద్ధతిలో లక్షల మందికి సేవ చేస్తున్నాయి. ఉర్దూ వికీపీడియా 2004 నుంచి స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగా కుడి నుంచి ఎడమకు నడుస్తూనే ఉంది. జీతం తీసుకోని మనుషులు చేయగలిగిన పనిని, టెండరు పిలిచి సొమ్ము చెల్లించే ప్రభుత్వ శాఖలు చేయించుకోలేకపోవడానికి సాంకేతికతను సాకుగా చూపడం తగదు.

బొమ్మగా మారిన భాష

దిశతో పాటు లిపి సంగతి కూడా చెప్పుకోవాలి. ఉర్దూ పాఠకుని కన్ను నస్తాలీఖ్‌కు అలవాటు పడింది. అక్షరాలు కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతూ, ఒకదానిలో ఒకటి ఒదుగుతూ సాగే ఆ శైలిని అచ్చులో పోయడం చాలాకాలం సాధ్యపడలేదు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌తో కంప్యూటరుపై ఉర్దూ పత్రికలు అచ్చువేయడం మొదలైంది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఉర్దూ ముద్రణను ఊరూరికీ చేర్చింది.

అయితే ఆ రోజుల ఇన్‌పేజ్ రాత యూనికోడ్‌లో లేదు. దాన్ని నేరుగా వెబ్‌సైటులో పెట్టే దారి లేక, ఉర్దూ పేజీలను ఫోటోలుగా మార్చి పెట్టడం అలవాటైంది. తెలుగువారికి ఈ బాధ అపరిచితం కాదు. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు మరో కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనబడిన రోజులు మనకు గుర్తున్నాయి. తెలుగు ఆ గండం చాలావరకు దాటింది. ఉర్దూకు కూడా నేడు యూనికోడ్ నస్తాలీఖ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. గూగుల్ 2014లో నోటో నస్తాలీఖ్ ఉర్దూను విడుదల చేసింది. అయినా అలవాటు పోలేదు. ఉర్దూ ప్రకటన అంటే ఇప్పటికీ ఒక బొమ్మ.

బొమ్మలో ఉన్న ఉర్దూను వెతకలేము, నకలు తీసుకోలేము. చూపు మందగించిన వృద్ధుడు అక్షరాలు పెద్దవి చేద్దామంటే మసకబారతాయి. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ అక్షరాలే కనబడవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి అమలులో ఉన్న జాతీయ మార్గదర్శకాలు అందరికీ అందుబాటు ఉండాలని చెబుతున్నాయి. ఆ ‘అందరి’లో ఉర్దూ మాత్రమే చదవగల అంధురాలు కూడా ఉన్నది.

నస్తాలీఖ్‌కు పంక్తుల మధ్య జాగా కూడా ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తులో ఉర్దూను ఇరికిస్తే పై చుక్కలు, కింది చుక్కలు తెగిపోతాయి. ఉర్దూలో ఒక చుక్క తేడాతో అక్షరమే మారిపోతుంది. ఇక ఫ్లెక్సీ బోర్డుల దుస్థితి మనం వీధిలో చూస్తున్నదే. కుడి నుంచి రాసే లిపులను గుర్తించని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఉర్దూ అక్షరాలు ఒకదానికొకటి కలవకుండా విడివిడిగా, తిరుగు వరుసలో పడతాయి. ‘ఖుష్ ఆమదీద్’ అని స్వాగతం పలకబోయి, ఏ భాషలోనూ లేని అక్షరాల వరుసను కమానుపై వేలాడదీస్తారు. ఉర్దూ రానివారికి అది ఉర్దూలాగే కనబడుతుంది. వచ్చినవారికి అవమానంగా తోస్తుంది.

ఈ విషయంలో తెలుగు ముస్లిం ప్రచురణకర్తలకూ, మస్జిద్ కమిటీలకూ, మనకూ ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. తెలుగు వ్యాసంలో దివ్య ఖుర్‌ఆన్ ఆయతును అరబీలో ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ నుంచి నకలు తీసి అతికించడం ప్రమాదకరం. కొన్ని పీడీఎఫ్‌లలో అక్షరాలు పలికే వరుసలో కాక కనబడే వరుసలో నిక్షిప్తమై ఉంటాయి. అతికించినప్పుడు వరుస తలకిందులవుతుంది. ఆయతును యూనికోడ్ పాఠం నుంచే తీసుకోవాలి. దానికి విడిగా ఒక పేరా కేటాయించి, కుడి నుంచి ఎడమకు దిశ నిర్దేశించి, సూరా సంఖ్యను, ఆయతు సంఖ్యను తెలుగు పంక్తిలో వేరుగా ఇవ్వాలి. చివరకు అరబీ తెలిసిన వారు ఒకరు చూడనిదే అచ్చుకు పంపకూడదు. అల్లాహ్ వాక్కు విషయంలో ఇంత జాగ్రత్త తీసుకోవడం మన విధి.

రాజ్యాంగం ఏమి చెబుతున్నది

‘అందరికీ తెలుగో, ఇంగ్లీషో వచ్చు కదా, ఇంత శ్రమ ఎందుకు?’ అని అడిగేవారున్నారు. మనలోనూ ఉన్నారు. కోస్తాలోను, ఇతర ప్రాంతాల్లోను తెలుగే మాతృభాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ పత్రిక తెలుగులో వెలువడుతున్నదే అందుకు సాక్ష్యం. కాని హక్కును లెక్కించే పద్ధతి అది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఉర్దూను మాతృభాషగా చెప్పుకున్నవారు 5 కోట్లకు పైగా ఉన్నారు. ఉర్దూ మీడియంలో చదువుకున్న గృహిణి, మదర్సాలో చదివిన యువకుడు, ఉర్దూ పత్రిక తప్ప మరొకటి చదవని వృద్ధుడు మన మధ్యనే ఉన్నారు.

రాజ్యాంగపు 29వ అధికరణం తమ భాషను, లిపిని కాపాడుకునే హక్కును పౌర సముదాయాలకు ఇచ్చింది. అందులో భాషతో పాటు లిపిని కూడా విడిగా పేర్కొన్న సంగతి మనం గమనించాలి. 350వ అధికరణం ప్రకారం, తన బాధ నివేదించుకోవడానికి కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి వినతిపత్రం ఇచ్చే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. వినతులు స్వీకరించే చోటు వెబ్‌సైటు అయినప్పుడు, ఆ వెబ్‌సైటులో ఉర్దూ వాక్యాన్ని సరిగా రాసే వీలు లేకపోతే ఆ హక్కు కాగితం మీదనే మిగులుతుంది.

2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మహారాష్ట్రలోని పాతూర్ పురపాలక భవనంపై ఉర్దూ నామఫలకాన్ని సమర్థిస్తూ ఇచ్చిన తీర్పు మనందరికీ తెలుసు. భాషను మతంతో ముడిపెట్టరాదనీ, ఉర్దూ ఈ నేలపై పుట్టిన భాషేననీ న్యాయస్థానం స్పష్టం చేసింది. పురపాలక భవనం గోడపై ఉండదగిన భాష పురపాలక వెబ్‌సైటులో తల తిప్పుకుని ఎందుకుండాలి?

వక్ఫ్ ఆస్తుల విషయంలో ఈ ప్రశ్న మరింత తక్షణమైనది. పూర్వపు హైదరాబాదు రాజ్యంలో పాలన ఉర్దూలో సాగింది. మన మస్జిదుల, దర్గాల, ఖబ్రస్తాన్ల పాత పత్రాలు ఎన్నో ఉర్దూలో, ఫార్సీలో ఉన్నాయి. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలను అందులో చేర్చాలని నిర్దేశించింది. పాత ఉర్దూ పత్రాల్లోని పేర్లను, హద్దులను, నంబర్లను, తేదీలను నేటి తెరపైకి ఎక్కించేటప్పుడు ఒక్క సంఖ్య తారుమారైతే దాన్ని సరిదిద్దుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. ముతవల్లీలు, కమిటీ సభ్యులు ఎక్కించిన ప్రతి వివరాన్ని మూలపత్రంతో సరిపోల్చుకోవాలి. తెరపై కనబడిన దానిని ముద్రించుకుని, మరొకరి చేత చదివించి, దాచుకోవాలి.

మా కోరికలు

రెండు రాష్ట్ర ప్రభుత్వాలను మేము కోరుతున్నవి అయిదు.

ఒకటి: ఉర్దూ పేజీలన్నిటికీ భాషను, దిశను విధిగా ప్రకటించాలి. ఈ షరతును వెబ్‌సైట్ల టెండరు పత్రాల్లోనే చేర్చాలి. నిర్మాణ సమయంలో దాదాపు ఖర్చు లేని పని, కట్టిన తరువాత సరిదిద్దాలంటే భారమవుతుంది.

రెండు: పేర్లు, ఇంటి నంబర్లు, ఫోను నంబర్లు, తేదీలు, దరఖాస్తు సంఖ్యలు చుట్టుపక్కల భాష ప్రభావానికి లోనుకాకుండా విడిగా భద్రపరచాలి. వినియోగంలోకి తేవడానికి ముందు పూర్తి ఉర్దూ చిరునామాలతో పరీక్షించాలి.

మూడు: ఉర్దూ ప్రకటనలను బొమ్మలుగా పెట్టడం మానాలి. యూనికోడ్‌లో, చదవదగిన నస్తాలీఖ్ ఫాంటులో, తగినంత పంక్తి ఎత్తుతో ఇవ్వాలి.

నాలుగు: ఉర్దూ అధికారుల సేవలను ఇందుకు వినియోగించుకోవాలి. అనువదించే బాధ్యతతో పాటు, తెరపై ఆ అనువాదం ఎలా కనబడుతున్నదో చూసి సంతకం చేసే బాధ్యత కూడా వారికి అప్పగించాలి. యంత్రం చేసిన అనువాదాన్ని మనిషి చూడకుండా పెట్టరాదు. హైదరాబాదులోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. సలహాకు దూరం పోనక్కరలేదు.

అయిదు: ఉర్దూ పేజీల్లో తప్పులను తెలియజేయడానికి ఒక చోటు ఉండాలి. అక్కడ ఉర్దూలో రాస్తే ఉర్దూలోనే జవాబు రావాలి.

పాఠకులు చేయదగినవి

అడగనిదే అమ్మయినా పెట్టదన్నది మన సామెత. అడిగేటప్పుడు ఆధారంతో అడగాలి. మీ ఇంట్లో ఉర్దూ చదవగల పెద్దల పక్కన కూర్చుని, మీరు వాడే ప్రభుత్వ వెబ్‌సైటు ఉర్దూ పేజీని తెరవండి. మొహల్లా పేరు ఉర్దూలో రాసి, దాని వెంటనే హైఫన్లతో మీ ఇంటి నంబరు రాయండి. తలుపు మీది పలకతో పోల్చండి. పేరా కుడి అంచు నుంచి మొదలైందా, వాక్యం చివరి గుర్తు ఎడమ చివరన ఉన్నదా, చుక్కలు తెగకుండా ఉన్నాయా చూడండి. తప్పు కనబడితే తెర ఫోటో తీసి, తేదీ వేసి, ఆ శాఖకు ఉర్దూలోనే వినతిపత్రం పంపండి. ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పంపిన తేదీని ఒక పుస్తకంలో రాసుకోండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రెండే ప్రశ్నలు వేయండి. ఈ వెబ్‌సైటు ఒప్పందంలో ఉర్దూ దిశ గురించిన షరతు ఉన్నదా? ఉర్దూ పేజీలను ఎవరు, ఏ తేదీన పరీక్షించారు? ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వడం వారి విధి.

సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్న మన యువతీ యువకులు హైదరాబాదులోను, విదేశాల్లోను వేల సంఖ్యలో ఉన్నారు. వారికి ఈ వ్యాసంలోని సాంకేతిక విషయం గంటసేపటి పని. తమ మస్జిద్ వెబ్‌సైటును, తాము చదివిన పాఠశాల వెబ్‌సైటును, తమ సంఘపు దరఖాస్తు ఫారాన్ని ముందుగా సరిచేసి చూపమని వారిని కోరుతున్నాము. మన ఇంట్లో సరిచేసుకున్న మాదిరిని చేతపట్టుకుని వెళ్తే అధికారి ముందు మన మాటకు బలం పెరుగుతుంది.

మీ పరిశీలనలో తేలిన సంగతులను, బాగున్న పేజీల గురించి కూడా, మాకు రాసి పంపండి. అవన్నీ కలిపి ఒక వినతిపత్రంగా రెండు ప్రభుత్వాలకు సమర్పించే ఏర్పాటు చేస్తాము. అల్లాహ్ మన ప్రయత్నాలను సఫలం చేయుగాక. ఆమీన్.